చెంబెడు నీరు

నేను పుట్టి పెరిగినది పల్నాటి సీమలోని నడికుడి. రైలుబండిలో పోవువారికి అది ఒక కూడలి మాత్రమే. గుంటూరునుండి వచ్చిన దారి అచ్చట రెండుగా చీలి, ఒకటి మాచర్లకును, మరియొకటి కృష్ణను దాటి సికింద్రాబాదునకును పోవును. మాకు సముద్రము నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఎటు చూచినను మిరప కళ్ళములు, ప్రత్తిచేలు, నాపరాతి గోడలు. అట్టి ఊరివాడనైన నేను అరువది యేండ్లు దాటిన పిదప ఇరువది దినములు తెరచాప పడవలో కాపురముండి వచ్చితినన్న నా స్నేహితులు నవ్విరి. నవ్వుటలో తప్పు లేదు. కాని ఆ ఇరువది దినములలో నేను నేర్చుకొన్న పాఠము, నిజమునకు, నా బాల్యముననే మా అమ్మ నాకు నేర్పినదే. నేను దానిని మరచితిని.

నా చిన్నతనమున మా వీధి బావి వేసవి వచ్చుసరికి అడుగంటెడిది. మా అమ్మ తెల్లవారకముందే లేచి, తలపై చుట్టకుదురు పెట్టుకొని, ఊరి వెలుపలి దిగుడుబావికి పోయి, ఇత్తడి బిందెతో నీరు తెచ్చెడిది. ఆ నీరే త్రాగుటకు, వంటకు. ముఖము కడుగుటకు మాకొక్కొక్కరికి ఒక చెంబెడు నీరు. ఎక్కువ అడిగినచో, "బావిని చూచి కాదురా, బిందెను చూచి వాడుకో" అనెడిది. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిన తరువాత పల్నాటిలో పెక్కు మెట్టచేలు తడిసినవి. కాలక్రమమున మా ఇంటికి కుళాయి వచ్చినది. బిందె అటకెక్కినది. అమ్మ వాడిన ఇత్తడి చెంబు మాత్రము నా యొద్ద నిలిచినది. ప్రయాణములకు పోవునప్పుడు దానిని సంచిలో వేసికొనిపోవుట నాకు అలవాటు.

నా మేనల్లుడు నౌకాదళములో చేరి, పదునైదేండ్లు పనిచేసి, విరమించినాడు. నేలపై ఇల్లు కట్టుకొనుటకు బదులు ఒక పాత తెరచాప పడవను కొని, దానిని బాగుచేసి, భార్యతో అండమాను దీవులలో అందే నివసించుచున్నాడు. "మామయ్యా, మీరు పదవీ విరమణ చేసితిరి గదా; ఒక మారు వచ్చి మా ఇల్లు చూడుడు" అని అతడు పలుమారులు వ్రాసెను. 2023 ఫిబ్రవరిలో నేను చెన్నపట్టణమున ఓడ ఎక్కి మూడు దినములు పయనించి పోర్టుబ్లెయిరు చేరితిని. ఆ పట్టణమునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. రేవులో దిగినంతనే తెలుగు మాటలు చెవిని పడినవి. ఆ పట్టణములో మనవారు, ముఖ్యముగా ఉత్తర కోస్తా జిల్లాలనుండి వచ్చినవారు, పెక్కుమంది కలరు.

మేనల్లుని ఇల్లు ముప్పదియారు అడుగుల పొడవు; నడుమ పదునొకండు అడుగుల వెడల్పు. మన పల్లెలోని ఒక చావడి కంటెను చిన్నది. నడుమ ఎత్తైన తెరచాప కొయ్య ఒకటి. దానికి ముందొక తెరచాప, వెనుక నొక తెరచాప. మెట్లు దిగి లోనికి పోయినచో ఒక ప్రక్క వంట బల్ల, మరియొక ప్రక్క పటములు పరచు బల్ల, నడుమ భోజనము చేయు బల్ల. ముందుభాగమున స్నానముల గది యనదగినది ఒకటి కలదు; అందులో నిలిచి చేతులు చాచుటకు వీలు లేదు. పడక అంచున గుడ్డ కట్టియుండును. పడవ ఒరిగినప్పుడు నిద్రించువాడు క్రింద పడకుండుటకు. ప్రతి వస్తువునకును ఒక స్థానము, ఒక కట్టు. కట్టనిది ఏదియు రాత్రి తన చోట నుండదు.

అన్నిటికంటె నాకు నచ్చినది పొయ్యి. అది రెండు ఇరుసులపై వ్రేలాడుచు, పడవ ఎటు ఒరిగినను తాను నిటారుగా నిలుచును. చుట్టునున్న ఇల్లంతయు ఊగుచుండగా, ఎసరు మాత్రము తొణకదు. కోడలు దాని ముందు నడుమునకు పట్టీ కట్టుకొని నిలిచి, చిరునవ్వుతో పప్పు తాలింపు వేయుచుండెడిది. నేను తీసికొనిపోయిన పల్నాటి మిరపకారము, గోంగూర పచ్చడి ఆ వంటబల్ల మీద గౌరవస్థానము పొందినవి.

మొదటి రెండు దినములు నేను తల యెత్తలేదు. కడుపులో త్రిప్పట, కన్నులలో చీకట్లు. "లోపల కూర్చుండకుడు, బాబాయిగారూ; పైకి వచ్చి దూరమున ఆకాశము సముద్రమును తాకు గీతను చూచుచుండుడు" అని కోడలు చెప్పినది. దేహము కదలుచున్నదని చెవిలోని అవయవము చెప్పును; గదిగోడలు కదలుట లేదని కన్ను చెప్పును. ఈ రెండు సాక్ష్యములు పొసగకపోవుట వలననే ఆ జబ్బు. దూరపు గీతను చూచినచో కన్నును చెవియు ఏకీభవించును. మూడవ దినమునకు నాకు ఆకలి పుట్టినది.

అప్పుడు మేనల్లుడు నీటి సంగతి చెప్పెను. పడవలోని తొట్టిలో 300 లీటర్ల మంచినీరు పట్టును. అవి గాక అత్యవసరమునకై మూతలు బిగించిన 20 లీటర్ల డబ్బాలు రెండు. పాత్రలు సముద్రపు నీటితో తోమవలెను. స్నానము సముద్రపు నీటితోనే. చివర ఒంటి ఉప్పు పోవుటకు చెంబెడు మంచినీరు. అన్నమునకు మూడు వంతుల మంచినీటిలో ఒక వంతు సముద్రపు నీరు కలుపుదురు. వేరుగ ఉప్పు వేయ నక్కరలేదు. ఇదంతయు విని నేను గర్వముతో, "నాయనా, పల్నాటివానికి నీటి పొదుపు నేర్పవలెనా?" అంటిని. అతడు నవ్వి ఊరకుండెను. ఆ మాట నా నోట రాకున్న ఎంత బాగుండెడిదో తరువాత తెలిసికొంటిని.

గాలి వెనుకనుండి నెట్టగా పడవ ముందుకు పోవుట ఎవరికైనను బోధపడును. ఎదురుగాలికి పడవ ఎట్లు పోవును? ఆ సందేహము నన్ను చాల దినములు వేధించినది. పడవ అడుగున సీసపు బరువు గల వెడల్పైన రెక్క యొకటి నీటిలోనికి దిగియుండును. ప్రక్కవాటున వచ్చు గాలి పడవను ప్రక్కకు నెట్టబోగా ఆ రెక్క నీటిలో అడ్డుపడి పోనీయదు. వంపు తిరిగిన తెరచాప వెంట గాలి జారునప్పుడు పుట్టు లాగుడు పడవను ముందుకు నడుపును. అయినను గాలికి నేరుగా ఎదురు పోవుట ఏ పడవకును సాధ్యము కాదు. కొంతదూరము కుడివాటున, కొంతదూరము ఎడమవాటున, మలుపులు మలుపులుగా పోవలెను. కోటప్పకొండ ఘాటుదారి నాకు జ్ఞప్తికి వచ్చినది. బండి శిఖరమునకు నిలువున ఎక్కలేదు. మలుపులు తిరిగియే ఎక్కును. ఇట్లు పోవునప్పుడు మా వేగము గంటకు తొమ్మిది కిలోమీటర్లు. ఎడ్లబండి కంటె ఎక్కువ. సైకిలు కంటె తక్కువ.

అండమాను నికోబారులలో చిన్నవి పెద్దవి కలిసి ఎనిమిది వందలకు పైగా దీవులును దిబ్బలును కలవు. జనులు నివసించునవి నలుబదికి లోపే. మేము మొదట నీల్ దీవిని, పిదప హేవ్‌లాకు దీవిని చేరితిమి. 2018నుండి వానికి షహీద్ ద్వీప్, స్వరాజ్ ద్వీప్ అని పేరులు. నీల్ దీవి తీరమున రాయి సహజముగా వంతెనవలె వంగినిలిచిన చోటు కలదు. ఆటు తీసినప్పుడు దాని క్రిందికి నడచిపోయితిని. చేతితో తడవి చూడగా అది సున్నపురాయి. పగడపు పురుగులు సముద్రపు నీటిలోని సున్నమును గ్రహించి, తరతరములుగా కట్టిన గూళ్ళే అట్లు రాయియైనవి. మా నడికుడి చుట్టునున్న నాపరాయియు సున్నపురాయియే. అది పగడములు కట్టినది కాదు. అంతకంటె ఎంతయో ప్రాచీనము. ఏబది కోట్ల యేండ్లకు పూర్వము ఆ ప్రాంతమున నున్న లోతులేని సముద్రపు అడుగున పేరుకొన్న సున్నపు ఒండ్రు అది. సముద్రము ఎరుగని ఊరని నేను తలచిన మా ఊరు సముద్రపు అడుగుననే కట్టబడినది! నేను పరాయిచోటికి రాలేదని ఆ దినమున తోచినది.

హేవ్‌లాకునకు ఈశాన్యముగా దాదాపు నూరు కిలోమీటర్ల దూరమున బారెన్ దీవి కలదు. మనదేశమున నేటికిని నిప్పులు గ్రక్కుచున్న అగ్నిపర్వతము అదియొక్కటే. 1832 తరువాత నూటయేబది యేండ్లకు పైగా నిద్రించి, 1991లో మరల మేలుకొన్నది. దానిపై దిగరాదు, పడవలోనుండి చూడవచ్చును. దానిని చూడవలెనని నాకు మిక్కిలి కోరిక. ఒక దినము మధ్యాహ్నము హేవ్‌లాకున తొట్టి నింపుకొని, లంగరెత్తి, ఎదురుగాలికి మలుపులు తిరుగుచు బయలుదేరితిమి.

ఆ రాత్రిని నేను మరువజాలను. మూడేసి గంటలకు ఒకరు చొప్పున చుక్కాని పట్టవలెను. నా వంతున మేనల్లుడు నా ప్రక్కననే కూర్చుండెను. ఉత్తరమున ధ్రువనక్షత్రము మా ఊరిలో కనిపించుదానికంటె క్రిందుగా నుండెను. ఏ ఊరి అక్షాంశమెంతయో, అచ్చట ధ్రువుని ఎత్తు అన్ని డిగ్రీలు. నడికుడిలో పదునారున్నర, ఆ సముద్రముపై పండ్రెండు. పడవ వెనుక నీటిలో పచ్చని వెలుగు జాలువారుచుండెను. నీటిని కదల్చినప్పుడు వెలుగు సూక్ష్మజీవులు కొన్ని సముద్రమున నుండునట. మా వెనుక వెలుగు బాట; మా ముందు చీకటి. ఆ నిశ్శబ్దములో మా క్రింద ఏమి జరుగుచున్నదో మేమెవ్వరమును ఎరుగము.

తెల్లవారినది. తూర్పున నీలి సముద్రపు అంచున కోపుగా ఒక కొండ కనిపించెను. దాని కొననుండి సన్నని పొగ లేచుచుండెను. "అదిగో, మామయ్యా!" అని మేనల్లుడు చూపెను. నా ఆనందమునకు మేర లేదు. అంతలో కోడలు లోపలినుండి, "కుళాయిలో నీరు వచ్చుట లేదు" అని పలికినది. మేనల్లుడు దిగి తొట్టి మూత తీసి చూచెను. అడుగున రెండంగుళముల నీరు కూడ లేదు.

కారణము వెదకుటకు ఎంతోసేపు పట్టలేదు. ముందుగదిలోని కుళాయి తెరచియుండెను. ముందునాటి సాయంకాలము నేను చేతులు కడుగుకొనుటకై దానిని త్రిప్పితిని. నీటి మోటారు స్విచ్చి తీసియుండుటచే చుక్కయైన రాలేదు. నేను సముద్రపు నీటితో చేతులు కడుగుకొని వచ్చితిని. కుళాయిని కట్టుట మరచితిని. రాత్రి కోడలు తేనీటికై స్విచ్చి వేసినది. మేము మువ్వురమును పైన నుంటిమి. అలల మోతలో మోటారు సవ్వడి వినబడలేదు. మంచినీరంతయు గంటల తరబడి సముద్రములోనికి పోయినది.

నాకు నేల కంపించినట్లయినది. అక్కడ నేల లేకున్నను. తల వంచుకొని, "తప్పు నాది, నాయనా. కుళాయిని తెరచి విడిచినది నేనే" అంటిని. కోడలు వెంటనే, "స్విచ్చి వేసి మరల తీయనిది నేను. తప్పు నాది, బాబాయిగారూ" అనెను. మేనల్లుడు మా యిద్దరిని చూచి, "ప్రతి పహరా మారునప్పుడును తొట్టి చూడవలెనన్నది నా నియమమే. రాత్రి మాటలలో పడి నేను చూడలేదు. పడవకు పెద్దను నేను. కనుక తప్పు నాదే" అనెను. తప్పును ఒకరిపై నొకరు త్రోయువారిని నేను చాలమందిని చూచితిని. దానికై పోటీపడి చేయి చాచువారిని ఆనాడే చూచితిని.

బారెన్ దీవి ముప్పది కిలోమీటర్లకు మించి లేదు. "ఇంతదూరము వచ్చితిమి, ఇంక కొంచెము దూరమే గదా" అని నా మనసులో నున్న మాటను కోడలు పైకి అనెను. నాపై దయచేతనే అనెనని నేనెరుగుదును. మేనల్లుడు తల అడ్డముగా ఊపెను. "సముద్రముపై 'ఇంక కొంచెము దూరమే' అను మాటకంటె ప్రమాదకరమైన మాట లేదు. మిగిలినవి నలుబది లీటర్లు. గాలి ఉన్నప్పుడే తిరుగవలెను" అని చుక్కాని త్రిప్పెను. తెరచాపలు ఆ ప్రక్కనుండి ఈ ప్రక్కకు మారినవి. పొగచిమ్ము ఆ కొండ మా వెనుకకు పోయి, క్రమముగా చిన్నదై, గంటలలో మాయమయ్యెను.

అతడు చెప్పినది నిజమయ్యెను. మధ్యాహ్నమునకు గాలి పడిపోయెను. సముద్రము నూనె పోసినట్లు నున్ననయ్యెను. చిన్న ఇంజను నడపిచూచిరి. గంటలోపలనే అది కాగిపోయినది. ఇంజనును చల్లబరచుటకు సముద్రపు నీటిని లాగు రబ్బరు చక్రము రెక్కలు తెగినవి. దానికి మారుగా వేయవలసినది రేవులో మిత్రుని యింట మరచి వచ్చినట్లు మేనల్లుడు అప్పుడు గుర్తించెను. హేవ్‌లాకు ఇంకను ముప్పది కిలోమీటర్లు. ప్రాణభయము లేదు. రేడియో కలదు, దూరమున పోవు ఓడకు మా సంగతి తెలిపితిమి. కాని సహాయము అడుగుట చివరి పని. ముందు ఉన్నదానితో సర్దుకొనవలెనని మేనల్లుని తలంపు.

నీటిని కొలుచుటకు తగిన పాత్ర వెదకుచుండగా నేను నా సంచిలోని ఇత్తడి చెంబును తీసి యిచ్చితిని. సుమారు ఒక లీటరు పట్టును. మనిషికి దినమునకు రెండు చెంబులు త్రాగుటకు; మువ్వురి వంటకును కలిపి రెండు చెంబులు. ఆ లెక్కన నలుబది లీటర్లు అయిదు దినములు వచ్చును. ప్రొద్దున కోడలు చెంబుతో కొలిచి మువ్వురి సీసాలలో పోసినది. ఒక చుక్క చెంబు అంచున వ్రేలాడినది. ఆమె దానిని కూడ విదల్చి సీసాలో రాల్చినది. ఆ చెంబుతో మా అమ్మ నాకు ముఖము కడుగుకొన నీరు పోసిన ఉదయములు కన్నుల ముందు నిలిచినవి. చుట్టును అంతులేని నీరు. త్రాగదగినది కంచుడబ్బాలోని బంగారమువలె దాచుకొన్న ఈ కొంచెమే. సముద్రపు నీరు త్రాగినచో దానిలోని ఉప్పును వెడలించుటకు దేహము అంతకంటె ఎక్కువ నీటిని పోగొట్టుకొనును. దాహము పెరుగునే గాని తీరదు.

ఎండ తీవ్రముగా నుండెను. తెరచాప గుడ్డను పందిరిగా కట్టుకొని దాని నీడను కూర్చుంటిమి. నేను మాటలాడకుండుట చూచి మేనల్లుడు ఒక కథ చెప్పసాగెను. కథ కాదు, జరిగినదే. అతడు గోవాలో ఉద్యోగము చేయు దినములలో, 2017 సెప్టెంబరు 10వ తేదీన, ఐ.ఎన్.ఎస్. మాండవి రేవునుండి 'తారిణి' అను తెరచాప పడవ భూప్రదక్షిణమునకు బయలుదేరుటను గట్టుపై నిలిచి చూచెనట. ఆ పడవ పొడవు పదునేడు మీటర్లే. అందున్నవారు ఆరుగురు, అందరును నౌకాదళపు మహిళాధికారులు. వర్తికా జోషి నాయకురాలు. తక్కిన అయిదుగురు ప్రతిభా జామ్వాల్, పి. స్వాతి, బి. ఐశ్వర్య, ఎస్. విజయాదేవి, పాయల్ గుప్తా. వీరిలో స్వాతి విశాఖపట్టణపు ఆడపడుచు. ఐశ్వర్య హైదరాబాదునకు చెందినది.

వారు ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండులోని లిటిల్టన్, ఫాక్‌లాండు దీవులలోని పోర్టు స్టాన్లీ, ఆఫ్రికాలోని కేప్‌టౌను రేవులలో ఆగిరి. మిగిలిన కాలమంతయు నీటిపైననే. దక్షిణ సముద్రములలో గంటకు నూరు కిలోమీటర్లకు మించిన గాలిని, కొండలవంటి అలలను తట్టుకొని, 2018 జనవరిలో హారన్ అగ్రమును దాటిరి. ఇంటిదారి పట్టిన పిమ్మట చుక్కాని యంత్రము చెడినది. అప్పుడు వారు ముందు అనుకొనని మారిషసు దీవికి పోయి, పోర్టు లూయీ రేవులో దానిని బాగుచేసికొనిరి. 2018 మే 21వ తేదీన గోవా చేరిరి. మొత్తము 254 దినములు. దాదాపు 21,600 నాటికల్ మైళ్ళు, అనగా సుమారు 40,000 కిలోమీటర్లు. "అంతదూరము పోయినవారే అవసరమైనప్పుడు ఆగిరి, మామయ్యా. ఆగుట ఓటమి కాదు. ఆగవలసిన చోట ఆగకపోవుటయే ఓటమి" అని మేనల్లుడనెను.

పిదప అతడు అభిలాష్ టోమీ సంగతి చెప్పెను. ఆ అధికారి 2012 నవంబరులో 'మాదేయి' యను పడవలో ముంబయినుండి ఒంటరిగా బయలుదేరి, ఎచ్చటను ఆగక భూమిని చుట్టి, 2013 మార్చి 31న మరల ముంబయి చేరెను. అట్లు చేసిన మొదటి భారతీయుడతడే. దారిలో అతని త్రాగునీటిలో డీజిలు కలిసి పాడయ్యెనట. మిగిలిన కొద్దినీటిని కొలుచుకొనుచు, వాననీటిని పట్టుకొనుచు అతడు ప్రయాణము ముగించెను. నా తప్పును తేలిక చేయుటకే మేనల్లుడు ఈ కథలు చెప్పెనని గ్రహించితిని. అయినను ఆ కథలలో మరియొకటి కూడ తోచినది. మారిషసు పేరు వినగా, పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి మొదలైన రేవులలో ఓడలెక్కి, చెఱకు తోటల పనికి ఆ దీవికి తరలిపోయిన తెలుగు కూలీలు జ్ఞప్తికి వచ్చిరి. వారి సంతతివారికి నేటికిని ఉగాది పండుగయే. ఆ దేశమున అది ప్రభుత్వపు సెలవుదినము. ఆ కాలపు తెరచాప ఓడలలో నీటిని పీపాలలో నింపి, మనిషికింత యని కొలిచి యిచ్చెడివారు. అక్షరము రాని ఆ తల్లులు తమ బిడ్డలకు వాటా నీటిని ఎట్లు పంచియుందురో, పల్నాటి బావులను చూచిన నేను ఊహింపగలను.

రెండవ దినమును గాలి లేకయే గడచెను. ఆ సాయంకాలము కోడలు తన సీసాలో సగము మిగిల్చి, "నాకు దాహము లేదు, బాబాయిగారూ" అని నా ముందుంచెను. ఎండలో దినమంతయు పనిచేసినది ఆమెయే. ఇట్టి అబద్ధమును నేను ఇదివరలో ఒకమారు విని యుంటిని. వేసవి రాత్రులలో మా అమ్మ నోట. నేను ఆ సీసాను ఆమె చేతికే తిరిగి యిచ్చి, "అమ్మాయీ, పడవలో వాటా వాటాయే. నీవు త్రాగనిచో నేనును త్రాగను" అంటిని. ఆమె నవ్వి త్రాగినది. నాటికి నా మనసులోని భారము కొంత దిగినది.

మూడవనాడు తెల్లవారుజామున తెరచాప అంచు కదలినది. మొదట చెవికి తెలిసినది, తరువాత చెంపకు. ఈశాన్యపు గాలి మరల వచ్చినది. మధ్యాహ్నమునకు హేవ్‌లాకు తీరపు చెట్లు కనిపించినవి. లంగరు వేసినప్పుడు డబ్బాలలో ఇంకను ఇరువది లీటర్లకు పైగా నీరుండెను. గట్టెక్కి మేమువ్వురము మొదట చేసిన పని భోజనము కాదు, స్నానము కాదు. మేనల్లుడు ఆ కుళాయికి పైన, తన చేతివ్రాతతో, "కట్టితిమా?" అని ఒక చీటి అంటించెను. దాని క్రింద మువ్వురమును సంతకములు చేసితిమి.

నేను బారెన్ దీవిని దగ్గరగా చూడనేలేదు. దానికై నాకు విచారము లేదు. నడికుడి చేరిన తరువాత పత్రికలలో సముద్రయానపు వార్త కనిపించిన చాలు, చదువుచుంటిని. 2024 అక్టోబరు 2న అదే తారిణిపై దిల్నా, రూపా అను ఇద్దరే అధికారిణులు గోవానుండి బయలుదేరి, భూమిని చుట్టి, 2025 మే 29న తిరిగివచ్చిరి. ఆ వార్త చదివినప్పుడు అందరు వారి సాహసమును పొగడిరి. నేను మాత్రము వారు దినమునకు ఎన్ని చెంబుల నీరు వాడియుందురో యని ఆలోచించితిని.

ఇప్పుడు మా ఇంటి కుళాయిలో నీరు ధారాళముగా వచ్చును. నా మనుమడు పండ్లు తోముచు దానిని తెరచి విడిచినప్పుడు నేను కోపపడను. అమ్మ చెంబును వాని చేతికిచ్చి, నింపి, కుళాయి కట్టుమందును. ఎందుకని వాడొకనాడు అడిగెను. వానికి ఈ కథయంతయు చెప్పితిని. కుళాయి తెరచి విడిచినవాడు ఎవడను సంగతి కూడ దాచలేదు. వాడు చెంబును ఇటునటు త్రిప్పిచూచి, "తాతయ్యా, ఈ చెంబు సముద్రము చూచినదా!" అనెను. పిదప దానిని అంచువరకు నింపక, ముప్పాతిక నింపి, కుళాయిని గట్టిగా కట్టెను.